పెరిగే పిల్ల కదా అని పెద్ద బ్యాట్ కొనకండి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో నాకు ఒక వింత అనుభవం. నేను చెప్పేది ఇంగ్లిష్. ఎప్పుడూ అడిగేవి గ్రామర్, హ్యాండ్‌రైటింగ్, యూనిట్ టెస్ట్ మార్కులు. ఈసారి మాత్రం ఆరుగురు పేరెంట్స్ అడిగింది ఒకటే ప్రశ్న: "మిస్, పాపకు సాఫ్ట్‌బాల్ బ్యాట్ ఏది కొనమంటారు?" ఒక నాన్నగారు ఫోన్ తీసి చూపించారు. వెయ్యి రూపాయల నుంచి పాతిక వేల దాకా ఉన్నాయి. "ఖరీదైనదే కొనేద్దామా? ఒక్కసారి కొంటే టెన్త్ దాకా రావాలి కదా" అన్నారు.

ఆ మాటకు అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. వెనక క్యూ ఉంది. కానీ ఇంటికి వెళ్ళాక కూడా ఆ మాటే గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ మాటలోనే పొరపాటు ఉంది. అదే పొరపాటు ఈ సంవత్సరం నేనూ చేశాను. అందుకే అందరికీ విడివిడిగా వాట్సాప్ చేయకుండా, ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట గురించి రెండు మాటలు. మన బ్రాంచికి సొంత గ్రౌండ్ లేదని మీకు తెలుసు. అమీర్‌పేట్, పంజాగుట్టల్లో స్కూలు నడపాలంటే అపార్ట్‌మెంట్ల మధ్యే నడపాలి. మైత్రీవనం వైపు వెళితే ఏ గోడ మీద చూసినా కోచింగ్ బోర్డే కనిపిస్తుంది, ఆడుకునే చోటు మాత్రం కనిపించదు. శనివారం మొదటి రెండు పీరియడ్లు మా పీఈటీ సార్, నేను కలిసి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని దగ్గర్లోని గ్రౌండుకు నడిపించుకు వెళ్తాం. నేను నిజామాబాద్ జిల్లాలో ప్రభుత్వ బడిలో చదువుకునే రోజుల్లో సాఫ్ట్‌బాల్ ఆడాను. అందుకని లేడీ టీచర్ తోడుగా ఆ డ్యూటీ నాకు వచ్చింది.

మేం ఆడించేది స్లో పిచ్. సాఫ్ట్‌బాల్‌లో రెండు రకాలున్నాయి. ఫాస్ట్ పిచ్‌లో బౌలింగ్ చేసే పిల్ల చేతిని గాలిమరలా గుండ్రంగా తిప్పి, కింద నుంచి చాలా వేగంగా బంతి వేస్తుంది. ఒలింపిక్స్‌లో చూసేది అదే. 1996లో అట్లాంటాలో మొదలై, 2008 తర్వాత ఆగి, టోక్యోలో మళ్ళీ వచ్చింది. 2028లో లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్‌తో పాటు అదీ ఉంటుంది. మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో పిల్లలు ఆడే సాఫ్ట్‌బాల్ కూడా ఫాస్ట్ పిచ్చే.

స్లో పిచ్ అలా కాదు. బంతిని కింద నుంచి మెల్లగా పైకి వేయాలి. అది విల్లులా వంగి బ్యాటర్ దగ్గర దిగాలి. చాలా నియమాల్లో ఆ వంపు నేల నుంచి కనీసం 6 అడుగుల ఎత్తుకు లేవాలి. ఫాస్ట్ పిచ్‌లో జట్టుకు తొమ్మిది మంది, ఇందులో పది మంది. బంతి మెల్లగా వస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకు కూడా తగులుతుంది. ఒక్క మంచి పిచర్ చేతిలో ఆట మొత్తం ఉండిపోదు, ప్రతి పిల్లకూ బంతి వస్తుంది, ప్రతి పిల్లా పరుగెడుతుంది. వారానికి రెండు పీరియడ్లు మాత్రమే దొరికే మన పిల్లలకు ఇదే సరైన ఆట అని నా నమ్మకం.

కానీ ఈ ఆటలో బ్యాట్ తప్పయితే ఆ లాభమంతా పోతుంది. అదెలాగో మా క్లాసులో జరిగినదే చెప్తాను.

డాలస్ నుంచి వచ్చిన బ్యాట్

ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. సన్నగా, చురుగ్గా ఉంటుంది. పరుగులో ఆ సెక్షన్‌లో ఎవరూ పట్టుకోలేరు. సంక్రాంతి సెలవులకు డాలస్ నుంచి వాళ్ళ బాబాయి వచ్చారు. ఆయన అక్కడ ఆఫీసు టీమ్‌లో సాయంత్రం పూట స్లో పిచ్ ఆడతారట. అమెరికాలో పెద్దవాళ్ళు ఊరి లీగుల్లో, ఆఫీసు జట్లలో ఎక్కువగా ఆడేది ఈ ఆటే. అన్న కూతురు కూడా ఇదే ఆడుతోందని విని మురిసిపోయి తన బ్యాట్ లాంటిదే ఒకటి తెచ్చి ఇచ్చారు. కాంపోజిట్ బ్యాట్, నల్లగా నిగనిగలాడుతోంది. అలాంటి వాటిలో మంచివి అక్కడ 300 డాలర్లు దాటుతాయి.

శనివారం అది సంచిలోంచి తీయగానే పిల్లలంతా మూగారు. నేను కూడా చేతిలోకి తీసుకుని చూశాను. మా బడిలో అందరికీ కలిపి ఉండే ఒకే ఒక్క బ్యాట్, హ్యాండిల్‌కి సైకిల్ ట్యూబ్ చుట్టి ఆడిన రోజులు గుర్తొచ్చాయి. "నీ పంట పండింది పో" అన్నాను ఆ అమ్మాయితో.

ఆ బ్యాట్ పొడవు 34 అంగుళాలు, బరువు 27 ఔన్సులు, అంటే దాదాపు 765 గ్రాములు. పైగా అది ఎండ్ లోడెడ్ రకం, అంటే బరువు కొస వైపు ఎక్కువ పెట్టి తయారు చేసినది. అవన్నీ దాని మీదే రాసి ఉన్నాయి. నేను చదవలేదు.

మొదటి వారం ఒక్క బంతి కూడా సరిగ్గా తగల్లేదు. రెండో వారం తగిలినా నేల మీద దొర్లిపోయింది. "ఇంకొంచెం బలంగా కొట్టు", "ముందే మొదలుపెట్టు" అని నేను పక్క నుంచి అరుస్తున్నాను. స్లో పిచ్‌లో అది తప్పుడు సలహా. బంతి పైకి లేచి దిగేదాకా ఆగాలి, చివర్లో చటుక్కున కొట్టాలి. బ్యాట్ బరువైతే పిల్ల ఆగలేదు. ముందే మొదలుపెడుతుంది. మోచేయి కిందికి జారుతుంది, బ్యాట్ కొస వంగుతుంది, బంతి పైభాగానికి తగిలి నేలకు కొడుతుంది. ఇదంతా నా కళ్ళ ముందే జరుగుతోంది. నేను మాత్రం పిల్లనే చూశాను, బ్యాట్‌ను చూడలేదు.

నాలుగో వారం ఆ అమ్మాయి శనివారం రాలేదు. ఐదో వారం కడుపు నొప్పి అంది. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ళ అమ్మగారు చెప్పారు: "మిస్, మా పాపకు ఆటలు పడవు లెండి. అంత మంచి బ్యాట్ ఉండి కూడా కొట్టలేకపోతోంది. వాళ్ళ బాబాయి వీడియో పంపమంటే ఏడుస్తోంది. ఆ రెండు పీరియడ్లు మ్యాథ్స్ ఒలింపియాడ్ క్లాసులో కూర్చోబెట్టండి."

"అంత మంచి బ్యాట్ ఉండి కూడా" అన్న మాట దగ్గర నాకు తట్టింది. ఆ పిల్ల కూడా తన గురించి అదే అనుకుంటోంది. బ్యాట్ మంచిది, కాబట్టి లోపం తనలోనే ఉందని. పన్నెండేళ్ళ పిల్ల ఆ నిర్ణయానికి రావడానికి నేనే సాయం చేశాను.

"ఒక్క శనివారం ఇవ్వండి మేడమ్" అని అడిగాను. ఆ శనివారం స్కూలు సంచిలో అడుగున పడి ఉన్న పాత అల్యూమినియం బ్యాట్ ఇచ్చాను. 29 అంగుళాలు, 18 ఔన్సులు. రంగు పోయింది, ఒక చోట చిన్న సొట్ట. మొదటి రెండు బంతులు పోయాయి. మూడోది పిచర్ తల మీదుగా వెళ్ళి రెండో బేస్ వెనక పడింది. గొప్ప షాట్ ఏం కాదు. కానీ ఆ అమ్మాయి పరుగెత్తి మొదటి బేస్ మీద నిలబడి నా వైపు చూసింది. ఆమె ఇప్పుడు శనివారాలు మానడం లేదు. రెండు బ్యాట్లకూ తేడా పావు కిలో.

బరువు ఎంత కాదు, ఎక్కడ

మీలో చాలామంది అడుగుతారు: బరువైన బ్యాట్‌తో కొడితేనే కదా బంతి దూరం పోయేది? నిజమే, అదే వేగంతో తిప్పగలిగితే. డాలస్‌లో ఉన్న బాబాయి గారికి ఆ బ్యాట్ సరైనదే. ఎదిగిన మనిషి, భుజ బలం ఉంది. మెల్లగా వచ్చే బంతి కాబట్టి బరువైన కొసను తిప్పడానికి టైమ్ కూడా దొరుకుతుంది. అందుకే స్లో పిచ్ బ్యాట్లలో చాలా వరకు 34 అంగుళాలు, 25 నుంచి 30 ఔన్సుల మధ్య వస్తాయి. అవి పెద్దవాళ్ళ కోసం చేసినవి. ఆయన తన చేతికి సరిపోయిన బ్యాట్‌నే ప్రేమగా తెచ్చారు, కానీ ఆడవలసిన చెయ్యి వేరు.

ఇంట్లో బూజు కర్రతో ఒకసారి చూడండి. కర్ర చివర పట్టుకుని బూజు దులిపితే రెండు నిమిషాల్లో చెయ్యి లాగుతుంది. అదే కర్రను మధ్యలో పట్టుకుంటే తేలిగ్గా తిరుగుతుంది. కర్ర బరువు మారలేదు. బరువు మన చేతికి ఎంత దూరంలో ఉందన్నది మారింది. బ్యాట్ కూడా అంతే. అమెరికాలో లాయిడ్ స్మిత్, జెఫ్ బ్రోకర్, అలన్ నాథన్ అనే పరిశోధకులు స్లో పిచ్ ఆటగాళ్ళ చేతికి రకరకాల బ్యాట్లు ఇచ్చి వాళ్ళ స్వింగ్ వేగం కొలిచారు. కొన్ని బ్యాట్ల బరువు ఒకటే, ఆ బరువు ఉన్న చోటు వేరు. కొన్నిటికి బరువు వేరు, తిప్పడానికి పట్టే కష్టం మాత్రం ఒకటే. 2003లో వచ్చిన ఆ అధ్యయనంలో తేలింది ఇది: స్వింగ్ వేగాన్ని మార్చింది మొత్తం బరువు కాదు, ఆ బరువు ఉన్న చోటు.

కాబట్టి తూకం యంత్రం మీద పెట్టి చూసినంత మాత్రాన సరిపోదు. పిల్లలకు బ్యాలెన్స్‌డ్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి. ఎండ్ లోడెడ్ వద్దు.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదటిది, అది సాఫ్ట్‌బాల్ బ్యాటే అయి ఉండాలి. మన వైపు షాపుల్లో బ్యాట్ అడిగితే చాలాసార్లు బేస్‌బాల్ బ్యాట్ తీసి ఇస్తారు. సినిమా ఫైట్ల పుణ్యమా అని వాళ్ళ దగ్గర ఎక్కువగా ఉండేది అదే. నేను బ్యాట్ల సంచితో ఆటో ఎక్కితే డ్రైవర్ "ఏం మేడమ్, ఎక్కడైనా పంచాయితీయా?" అని అడిగాడు. సాఫ్ట్‌బాల్ బ్యాట్ లావైన చోట 2.25 అంగుళాలకు, అంటే దాదాపు 5.7 సెంటీమీటర్లకు మించకూడదు. బేస్‌బాల్ బ్యాట్ 2.6 అంగుళాల దాకా ఉంటుంది, చెక్కదైతే బరువు కూడా ఎక్కువ. షాపుకు టేపు పట్టుకెళ్ళండి.

రెండోది, పొడవు. 8, 9 ఏళ్ళ పిల్లలకు 28 అంగుళాలు, 10 ఏళ్ళకు 29, 11, 12 ఏళ్ళకు 30, 13, 14 ఏళ్ళకు 31 లేదా 32, ఆ పైన 32 నుంచి 34. ఇది అంచనా మాత్రమే. మీ పాప తోటివాళ్ళకన్నా చిన్నగా ఉంటే ఒక అంగుళం తగ్గించండి. వయసు కన్నా ఒళ్ళు ముఖ్యం.

మూడోది, బరువు. బ్యాట్ మీద మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. దాన్ని డ్రాప్ అంటారు. పొడవు అంగుళాల్లోంచి బరువు ఔన్సులు తీసేస్తే వచ్చేది అదే. 30 అంగుళాల బ్యాట్ 19 ఔన్సులుంటే డ్రాప్ 11. మన పిల్లల వయసుకు 10 నుంచి 12 మధ్య డ్రాప్ ఉన్నది చూడండి. అంటే 28 అంగుళాల బ్యాట్ సుమారు 450 నుంచి 510 గ్రాములు, 30 అంగుళాలది 510 నుంచి 570 గ్రాములు ఉంటుంది. ఇంత తేలిక బ్యాట్లు స్లో పిచ్ పేరుతో దొరకడం కష్టం. అమ్మాయిల ఫాస్ట్ పిచ్ బ్యాట్లుగా దొరుకుతాయి. కంగారు పడకండి, శనివారం మా ఆటకు అవి చక్కగా పనికొస్తాయి.

నాలుగోది, లోహం. పిల్లలకు మామూలు అల్యూమినియం బ్యాట్ చాలు. కొన్న రోజు నుంచే ఆడొచ్చు. దెబ్బ తింటే సొట్ట పడుతుంది, అది కంటికి కనిపిస్తుంది. కాంపోజిట్ బ్యాట్లు కార్బన్ పీచుతో చేస్తారు. వాటిని కొన్ని వందల బంతులు కొట్టి దారికి తెచ్చుకోవాలి. చలికి, తడిసి బరువెక్కిన బంతికి పగుళ్ళు రావొచ్చు, ఆ పగులు వెంటనే కనపడదు.

కాంపోజిట్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. పలుచని గోడ ఉన్న మంచి బ్యాట్లు బంతి తగలగానే కొద్దిగా లోపలికి నొక్కుకుని, స్ప్రింగులా బంతిని తిరిగి తోస్తాయి. అందుకే అమెరికాలో బ్యాట్ల మీద యూఎస్ఏ సాఫ్ట్‌బాల్, యూఎస్‌ఎస్‌ఎస్‌ఏ ముద్రలు, వాటికి పరిమితులు పెట్టారు. పేరులో సాఫ్ట్ ఉన్నా ఆ బంతి మెత్తనిది కాదు. పెద్దల స్లో పిచ్‌లో పిచర్ 50 అడుగుల దూరంలో ఉంటుంది. మా గ్రౌండులో అంత చోటు లేక 40 అడుగుల నుంచే వేయిస్తాం. అక్కడ నిలబడేది కూడా మీ పిల్లే. 300 డాలర్ల బ్యాట్ నుంచి వచ్చే బంతి ముందు పన్నెండేళ్ళ పిల్లను నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. ఇకపై ఆ రకం బ్యాట్లు మా శనివారం ఆటలో అనుమతించం అని పీఈటీ సార్, నేను నిర్ణయించాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: పాపను షాపుకు తీసుకువెళ్ళండి. ఆన్‌లైన్‌లో అయితే కనీసం వాపసు సౌకర్యం ఉన్నది తీసుకుని, బంతి తగలకముందే చూసుకోండి. నాలుగు చిన్న పరీక్షలున్నాయి.

బ్యాట్ అడుగున ఉండే గుండును ఛాతీ మధ్యలో ఆనించి, బ్యాట్‌ను ముందుకు చాచమనండి. చెయ్యి చాపితే వేళ్ళ కొసలు బ్యాట్ చివరను అందుకోవాలి. అందకపోతే పొడవు ఎక్కువ.

నిటారుగా నిలబడి బ్యాట్‌ను కాలి పక్కన నేల మీద ఆనించమనండి. పై చివర అరచేయి, మణికట్టు దగ్గరకు రావాలి. నడుము దాకా వస్తే వద్దు.

ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని బ్యాట్‌ను పక్కకు భుజం ఎత్తులో చాచి 20 సెకన్లు ఉంచమనండి. ముందే చెయ్యి వణికినా, కిందికి వాలినా బరువు ఎక్కువ.

నాలుగోది నేను పెట్టుకున్న పరీక్ష. బంతి లేకుండా పది సార్లు స్వింగ్ చేయించండి. మొదటిది ఎలా ఉన్నా చూడకండి, పదోది చూడండి. పదోసారి కూడా మోచేయి జారకుండా, తూలిపోకుండా తిప్పితే ఆ బ్యాట్ మీ పాపది. ఆటలో చేతికి అలసట వచ్చేది చివర్లోనే.

పాప "ఇదే కావాలి" అని రంగు చూసి అడుగుతుంది. పరీక్షల్లో నెగ్గిన రెండు మూడు బ్యాట్లలోంచి రంగు తననే ఎంచుకోనివ్వండి.

"పెరిగే పిల్ల కదా మిస్"

ఈ మాట మీరు అంటారని నాకు తెలుసు. మా అమ్మ కూడా అనేది. యూనిఫాం ఒక సైజు పెద్దది, బూట్లు ఒక నంబరు పెద్దవి. మడత కుట్టి తొడిగితే రెండేళ్ళు వస్తుంది. ఫీజులు, బస్సు, పుస్తకాలు కలిపి ఎంతవుతుందో నాకు తెలుసు, జీతం మీద బతికే ఇంట్లోంచి వచ్చిన దాన్నే. ఆ లెక్కను నేను తక్కువ చేయను. కానీ పెద్ద యూనిఫాం తొడిగితే పిల్లకు రాత రాకుండా పోదు. పెద్ద బ్యాట్ ఇస్తే ఆట రాకుండా పోతుంది. వదులు బూటుకు దూది పెట్టొచ్చు, బరువు బ్యాట్‌కు పెట్టడానికి ఏమీ లేదు. ఆ రెండేళ్ళూ పిల్ల తప్పుడు స్వింగ్ నేర్చుకుంటుంది. లేదా మా అమ్మాయిలాగా మానేస్తుంది. మానేసిన పిల్ల అల్మారాలో పాతిక వేల బ్యాట్ ఉంటే, అది పొదుపు కాదు.

ఇంకొందరు అంటారు: "అంత ఆలోచించడానికి వాళ్ళేం ఇండియాకు ఆడతారా?" ఆడకపోవచ్చు. వాళ్ళలో చాలామంది జిల్లా జట్టుకు కూడా వెళ్ళరు. వారానికి రెండు పీరియడ్లు ఎండలో పరుగెత్తుతారు, అంతే. ఆ రెండు పీరియడ్లలో "నాకు రాదు" అనే మాట నేర్చుకుని ఇంటికి రాకూడదన్నదే నా పట్టుదల. ఆ మాట గ్రౌండులో నేర్చుకున్న పిల్ల దాన్ని నా ఇంగ్లిష్ క్లాసులోకి కూడా తెచ్చుకుంటుంది. నేను చూశాను.

ఇదే మాట పుస్తకాలకూ వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది. ఆరో తరగతి పిల్లకు తొమ్మిదో తరగతి ఫౌండేషన్ మెటీరియల్ ఇచ్చి, అర్థం కాలేదంటే పిల్లను అనుమానిస్తాం. అది మరో వ్యాసం, ఇప్పుడు వద్దు.

ఖర్చు సంగతికి నా దగ్గర ఒక సూచన ఉంది. ఎవరికి వారు వెంటనే కొనకండి. ముందు ఆరు శనివారాలు స్కూలు బ్యాట్లతో ఆడనివ్వండి. ప్రస్తుతం మన సంచిలో నాలుగు బ్యాట్లున్నాయి, అందులో మూడు ఒకే సైజువి. 28, 30, 32 అంగుళాల్లో రెండేసి మామూలు అల్యూమినియం బ్యాట్లు ఉంటే మూడు తరగతులకూ సరిపోతాయి. ఇవి కొనమని మేనేజ్‌మెంట్‌కు రాసి ఇచ్చాను. పిల్ల ఎదిగితే సంచిలోంచి పెద్దది తీసుకుంటుంది, చిన్నది చెల్లెలి వయసు పిల్లకు వస్తుంది. ఇంట్లో అక్క గౌను చెల్లికి వచ్చినట్టే. మీ పిల్లలకు చిన్నదైపోయిన సాఫ్ట్‌బాల్ బ్యాట్ ఉంటే ఆ సంచికి ఇవ్వండి. పగుళ్ళు, వదులైన గుండు ఉన్నవి మాత్రం వద్దు.

ఆరు వారాల తర్వాత కూడా పాప శనివారం కోసం ఎదురుచూస్తుంటే, అప్పుడు సొంతది కొనండి. ఏ సైజుతో బాగా ఆడుతోందో అప్పటికి మాకూ తెలుస్తుంది, పాపకూ తెలుస్తుంది. జట్టుకు ఎంపికై పోటీలకు వెళ్ళే పిల్లలైతే కొనే ముందు పీఈటీ సార్‌ను అడగండి. అక్కడ ఆడేది ఫాస్ట్ పిచ్, ఏ బ్యాట్‌ను అనుమతిస్తారో నిర్వాహకులే చెప్పాలి.

1887లో షికాగోలో ఈ ఆట మొదలైనప్పుడు ఒక పాత బాక్సింగ్ గ్లౌజును తాడుతో కట్టి బంతి చేశారు, ఒక కర్రను బ్యాట్ చేశారు. చేతికి అందిన కర్రతో మొదలైన ఆట ఇది. పాతిక వేలు లేకపోతే ఆడలేం అనుకోవలసిన పని లేదు.

డాలస్ బ్యాట్ సంగతి అడుగుతారేమో. అది ఆ అమ్మాయి ఇంట్లో అల్మారా మీద ఉంది. "బాబాయికి ఏం చెప్పావు?" అని అడిగాను. "ఇంటర్‌కి వచ్చాక ఆడతానని చెప్పాను మిస్. అప్పటిదాకా నువ్వు వచ్చినప్పుడు నీదే అన్నాను" అంది. ఆయన నవ్వి, ఆ 29 అంగుళాల సొట్ట బ్యాట్‌తో కొట్టిన వీడియో పంపమన్నారట. పోయిన శనివారం నేనే తీసి పంపాను.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు ఆ బ్యాట్ల సంచి మా క్లాసు గుమ్మం దగ్గర పెడతాను. మార్కుల షీట్ చూసుకున్నాక, పాపను వెంటపెట్టుకుని అటు రండి. పది స్వింగులకు రెండు నిమిషాలు కూడా పట్టదు.